కౌజు పిట్టలకు కంది చున్నీ, నూకలు, తవుడు: బుచ్చి దగ్గర మా ఐదు నెలల డైరీ

సెప్టెంబర్ 14

ఎడగారు కోతలు అయిపోయాయి. బుచ్చిరెడ్డిపాళెం చుట్టుపక్కల రైసు మిల్లులు పగలూ రాత్రీ ఆడుతున్నాయి. రోడ్డు మీద పోతుంటే తవుడు వాసన. మా షెడ్డులో మాత్రం మొక్కజొన్న, సోయా చెక్క తప్ప ఇంకోటి లేదు. రెండూ బయటి నుంచి వచ్చేవే. దాణా ఖర్చే కౌజుల పెంపకంలో ముప్పాతిక వంతు మింగేస్తుంటే, ఇంటి పక్కనే బస్తాలకొద్దీ పడి ఉన్న నూకల వైపు ఇన్నాళ్లూ చూడకపోవడం నాకే బాధగా ఉంది.

అందుకే ఈ డైరీ. మన దగ్గర దొరికే పంట ఉప ఉత్పత్తులు కౌజుల దాణాలో ఎంతవరకు పనికొస్తాయో తూకం వేసి రాసుకోవాలని. నోటిమాట లెక్కలు వద్దనుకున్నాను.

ముందుగా కౌజుకు ఏం కావాలో తెలియాలి. మనం పెంచేది జపనీస్ కౌజు. మన దేశానికి 1974లో తెచ్చారు. పొదిగిన 17, 18 రోజులకు పిల్ల బయటికొస్తుంది. అప్పుడు దాని బరువు 8 గ్రాములు ఉంటే గొప్ప. ఐదు వారాలకు 200 గ్రాముల దగ్గరికి వస్తుంది. అంటే ముప్పై అయిదు రోజుల్లో పాతిక రెట్లు. అంత వేగంగా పెరిగే దానికి మాంసకృత్తులు గట్టిగా పడాలి. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ఇచ్చిన పట్టికలో పెరిగే కౌజుకు 24 శాతం, గుడ్లు పెట్టే కౌజుకు 20 శాతం అని ఉంది. కాల్షియం పెరిగేదానికి 0.8, పెట్టేదానికి 2.5 శాతం. ఈ నాలుగు అంకెలూ సుద్దతో షెడ్డు తలుపు మీద రాసిపెట్టాను.

సెప్టెంబర్ 20

240 పిల్లలు వచ్చాయి. బ్రూడర్ (పిల్లలకు వేడినిచ్చే ఏర్పాటు) కింద మొదటి వారం 35 నుంచి 37 డిగ్రీల వేడి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గింపు. నీళ్ల పళ్లేల్లో గులకరాళ్లు వేశాం. లేకపోతే ఈ వేలెడంత పిల్లలు పళ్లెంలోనే మునిగిపోతాయి.

మొదటి రెండు వారాలు ఎలాంటి ప్రయోగమూ వద్దని నా నిర్ణయం. అప్పటిదాకా అన్నిటికీ ఒకే దాణా. ఆ వయసులో పొట్టు, పీచు అరిగించుకునే శక్తి వాటికి ఉండదు. కిలోకు రెండు రూపాయలు మిగుల్చుకుందామని పిల్ల దశలో దెబ్బ తీస్తే తర్వాత ఏం పెట్టినా కోలుకోవు.

అక్టోబర్ 1

సరుకు తిరిగి చూశాను. నూకలు కిలో 23 రూపాయలు. మొక్కజొన్న 24. ధరలో తేడా తక్కువే, కానీ నూకలు శుభ్రంగా ఉన్నాయి, పీచు లేదు, బలం దాదాపు మొక్కజొన్నంత. మాంసకృత్తులు 8 శాతం పైచిలుకు.

తవుడు రెండు రకాలు. మిల్లు నుంచి అప్పుడే వచ్చిన పచ్చి తవుడులో నూనె 12 నుంచి 15 శాతం ఉంటుంది. చూడ్డానికి మంచి మేత. కానీ బియ్యం పాలిష్ అయిన క్షణం నుంచి అందులోని ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. మన నెల్లూరు ఎండకు వారం నిల్వ ఉంచితే ముక్కుకు తెలిసిపోతుంది, ముక్కిన వాసన. నేను పది రోజులకోసారి దాణా కలుపుతాను కాబట్టి పచ్చి తవుడు వద్దనుకుని, నూనె తీసిన తవుడు తెచ్చాను. కిలో 16. మాంసకృత్తులు 15 శాతం దాకా ఉంటాయి గానీ పీచు కూడా దాదాపు అంతే. పైగా అందులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది, పిట్ట పొట్టకు అందదు. కాబట్టి తవుడు వేశాం కదా అని డీసీపీ (కాల్షియం, భాస్వరం ఇచ్చే పొడి) తగ్గించకూడదు.

ఒంగోలు పప్పు మిల్లుల వైపు నుంచి కంది చున్నీ వచ్చింది, కిలో 21. పప్పు పగలగొట్టేటప్పుడు రాలే చిన్న ముక్కలు, పిండి, కొంత పొట్టు కలిసినది. గానుగ నుంచి నువ్వు చెక్క, కిలో 36. మాంసకృత్తుల్లో ఒక భాగమైన మిథియోనిన్ సోయాలో తక్కువ, నువ్వు చెక్కలో బాగా ఉంటుంది. అలాంటిదే ఇంకోటి లైసిన్. అది సోయాలో పుష్కలం, దీనిలో మాత్రం తక్కువ. అందుకని సోయాను పూర్తిగా తీసేసే ఆలోచన మొదటే మానుకున్నాను.

అక్టోబర్ 4

ఈ రోజు పిల్లలకు 15వ రోజు. మూడు అరలు, అరకు 80. ఒక్కో అర నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవు, అడుగున జాలీ, దాని కింద రెట్ట ట్రే.

వంద కిలోలకు లెక్క ఇలా పెట్టాను. మొదటి అరకు మామూలుగా వాడేదే: మొక్కజొన్న 52, సోయా చెక్క 40, ఎండు చేప 5, ఖనిజాలూ విటమిన్లూ కలిపి 3. రెండో అరకు మొక్కజొన్న సగానికి తగ్గించి 26, నూకలు 22, వేయించిన కంది చున్నీ 10, సోయా 34, మిగతావి మామూలే. మూడో అరకు మొక్కజొన్న 42, నూనె తీసిన తవుడు 15, నువ్వు చెక్క 8, సోయా 27, మిగతావి మామూలే. నా లెక్కలో మాంసకృత్తులు వరసగా 25, 23.5, 23.3 శాతం దగ్గర వస్తాయి.

చున్నీ ఎందుకు వేయించాలంటే, పచ్చి కందిలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఒకటి ఉంటుంది. వేడి తగిలితే అది చచ్చిపోతుంది. పెద్ద ఇనప మూకుట్లో, తుమ్మ కట్టెల మీద, పది కిలోలకు నలభై నిమిషాలు పట్టింది. రంగు మారడం కంటే వాసన చూసి దించడం మేలని అమ్మ చెప్పింది. కందిపొడి కోసం కందిపప్పు వేయించేటప్పుడు ఇల్లంతా వచ్చే వాసన రాగానే దించేశాం.

అక్టోబర్ 9

మూడు అరల్లోనూ రెట్ట పలచగా పడుతోంది, నీళ్లు ఎక్కువ తాగుతున్నాయి. మూడిట్లోనూ ఒకేలా ఉందంటే తేడా మూడిట్లోనూ ఉన్న దానిలోనే ఉండాలి. ఎండు చేప ముక్క నోట్లో వేసుకుని చూశాను. ఉప్పు కషాయం! తీరం నుంచి వచ్చే ఎండు చేపల్లో ఉప్పు పట్టించి ఎండబెట్టినవి, ఉత్త ఇసుక మీద ఎండబెట్టినవి రెండూ కలిసి వస్తాయి. మొదటి దానితో ఉప్పు సమస్య, రెండో దానితో ఇసుక సమస్య. ఇంక నేను విడిగా కలిపే ఉప్పు పూర్తిగా తీసేశాను. రెండు రోజుల్లో రెట్ట గట్టిపడింది.

అక్టోబర్ 13

మూడో అర పిట్టలు మిగతావాటికంటే ఎక్కువ తింటున్నట్టు పుస్తకంలో కనబడుతోంది. బరువు మాత్రం రావట్లేదు. టెన్షన్‌గా అనిపించి పొద్దున్నే స్టూలు వేసుకుని అర ముందు కూర్చున్నాను.

కౌజు తినే తీరు కోడి తీరు కాదు. ముక్కును దాణాలోకి దూర్చి, తలను కుడికీ ఎడమకీ విసురుతుంది. ఆ విసురుకు పైన ఉన్న తేలిక పొట్టు ఎగిరి తొట్టి అవతల పడుతుంది. కింద ఉన్న మొక్కజొన్న పలుకు కనబడగానే టక్కున ఏరుకుంటుంది. మళ్లీ విసురు. ఒక్క పిట్ట ఐదు నిమిషాల్లో తొట్టి మూల ఒకటి ఖాళీ చేసింది, అందులో సగం కూడా దాని పొట్టలోకి పోలేదు. మూడో అర కింద ట్రే తీసి, ఆరబెట్టి, జల్లెడ పట్టాను. ఒక్కరోజులో 310 గ్రాముల దాణా రెట్టలో కలిసి ఉంది. అంతా తవుడూ నువ్వు చెక్క పొడీ!

అంటే నా పుస్తకంలో ‘తిన్నది’ అని రాసుకున్న దానిలో పారబోసినది కూడా ఉంది. తొమ్మిది రోజుల లెక్క పోయింది.

మధ్యాహ్నమే బుచ్చి వెళ్లి అరంగుళం కన్ను ఉన్న ఇనప జాలీ తెచ్చి, తొట్ల సైజుకు కత్తిరించి, దాణా మీద పరిచాను. ముక్కు దూరుతుంది, తల తిప్పడానికి వీలుకాదు. నూకలూ మొక్కజొన్నా ఒకే సైజు రవ్వగా మరపట్టించి, తవుడును కొద్దిగా నీళ్లు చిలకరించి కలిపాను, పొడి లేవకుండా. మరుసటి రోజు ట్రేలో దొరికింది 40 గ్రాములు.

అక్టోబర్ 25

మొదటి బ్యాచ్ అమ్మేశాం. ఈ అంకెలు వేటికీ పనికిరావు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. మళ్లీ మొదటి నుంచి.

నవంబర్ 3

రెండో బ్యాచ్, మళ్లీ 240. జాలీలు మొదటి రోజు నుంచే సిద్ధం.

కంది చున్నీ కొత్త లోడు వచ్చింది. అదే మిల్లు, అదే ధర, బస్తా మీద అదే ముద్ర. విప్పి గుప్పిట పట్టగానే అనుమానం వచ్చింది, చేతికి బరువు ఆనలేదు. పాత బస్తాలో మిగిలిన కాస్త తెచ్చి పక్కన పెట్టి చూశాను. గాజు లోటాలో నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో 50 గ్రాముల చున్నీ వేసి గరిటెతో తిప్పి, ఐదు నిమిషాలు ఆగాను. పప్పు ముక్కలు మునిగాయి. పొట్టు తేలింది. అన్నిటికంటే అడుగున సన్నగా ఇసుక మెరిసింది. తేలిన పొట్టును బట్టలో వడకట్టి ఎండబెట్టి తూచాను. పాత లోడులో 14 గ్రాములు. కొత్త లోడులో 27.

సగం పైగా పొట్టే! పొట్టులో పీచు, వగరు ఉంటాయి, పిట్టకు అరగవు. అమ్మకు చూపిస్తే ఏమీ మాట్లాడకుండా చేట తీసుకొచ్చింది.

“ఒరే అబ్బయా, నీ లోటాలు పక్కన పెట్టు. చెరిగితే పోతది గదా.”

అమ్మ చేట ఆడించడం నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, ఇప్పుడే శ్రద్ధగా చూశాను. రెండు చేతులతో చేటను ఎగరేసి, దిగే సమయంలో కొసను కిందికి వంచుతుంది. గాలి పొట్టును కొస దాకా తోస్తుంది, పప్పు మొదట్లోనే ఆగిపోతుంది. తర్వాత చేత్తో చిన్న తట్టు. పొట్టు రెక్కల్లా ఎగిరి గోనెపట్టా మీద పడింది. ఆమె, పక్కింటి పెద్దమ్మ కలిసి వంద కిలోలు రెండు రోజుల్లో చెరిగారు. నికరంగా మిగిలింది 62 కిలోలు. అంటే కిలో 21 అనుకున్నది దాదాపు 34 అయింది, ఇంట్లోవాళ్ల శ్రమ కట్టకుండానే. పొట్టు బర్రెలకు వేశాం, అది వృథా కాలేదు.

ఉప ఉత్పత్తి అనే సరుకుకు ఒక పేరంటూ ఉంది గానీ ఒక స్వభావం లేదు. మిల్లు ఆ వారం ఏ కంది ఆడింది, జల్లెడ ఏది వాడింది, పొట్టుకు విడిగా బేరం వచ్చిందా లేదా, ఇన్నిటిని బట్టి బస్తా మారిపోతుంది. సోయా చెక్కకు అంకె ఉంటుంది, చున్నీకి ఉండదు. ఇకనుంచి లోటా పరీక్ష చేయకుండా బస్తా దించుకోను. మిల్లు గుమస్తాకు అదే చెప్పాను. “ఏంది సామీ, చున్నీకి కూడా పరీక్షా?” అన్నాడు. అవును, దీనికే ముఖ్యంగా కావాలి.

నవంబర్ 20

నాలుగు రోజులుగా ముసురు. మనకు వాన ఎక్కువగా కురిసేది ఈశాన్య రుతుపవనాల్లోనే. షెడ్డులో గోడల నుంచి చెమ్మ. బస్తాలన్నీ చెక్క పలకల మీదికి ఎత్తించి, గోడకు జానెడు దూరం జరిపాను.

ఒకాయన వేరుశనగ చెక్క చవగ్గా ఇస్తానన్నాడు. వేరుశనగ చెక్కలో మాంసకృత్తులు 40 శాతం పైనే, ఆశ పుట్టింది. ఒక పలక తెచ్చి, సుత్తితో పగలగొట్టాను. బయట బాగానే ఉంది. లోపల పగుళ్లలో బూడిద రంగు, ఆకుపచ్చ కలిసిన బూజు. వేరుశనగకు చెమ్మ తగిలితే పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. అది పిట్టల కాలేయాన్ని తినేస్తుంది. కంది చున్నీలా వేయిస్తే పోయేది కాదు, వంట వేడికి అది చావదు. బర్రెలకు వేద్దామని ఇంట్లో ఒకరన్నారు. గట్టిగా వద్దన్నాను. అది పాలలోకి దిగుతుంది, ఆ పాలు మా పిల్లలే తాగాలి. గుంట తీసి పూడ్చేశాం.

వానాకాలం నెలల్లో వేరుశనగ చెక్క మా షెడ్డులోకి రాదు. ఇది ఇంక మారదు.

డిసెంబర్ 7

35వ రోజు. పొద్దున ఐదింటికే, దాణా వేయకముందే తూకాలు. అరకు 20 పిట్టలను చేతికందినవి అందినట్టు పట్టుకుని, గుడ్డసంచిలో వేసి ఎలక్ట్రానిక్ కాటా మీద తూచాం.

మొదటి అర సగటున 196 గ్రాములు. రెండో అర 191. మూడో అర 174.

15 నుంచి 35వ రోజు దాకా పిట్టకు పట్టిన దాణా మొదటి అరలో 390 గ్రాములు, రెండో దానిలో 395, మూడో దానిలో 430. ట్రేలో రాలింది తీసేసిన తర్వాత లెక్క ఇది.

ఇప్పుడు డబ్బు. నేను కొన్న ధరల ప్రకారం మొదటి దాణా కిలో 34 రూపాయల 88 పైసలు, రెండోది 33.04, మూడోది 31.78. బస్తా ధర చూస్తే మూడోదే చవక. పిట్టకు అయిన ఖర్చు చూస్తే వరసగా 13.60, 13.05, 13.67. చవకైన దాణా అన్నిటికంటే ఖరీదైన పిట్టను ఇచ్చింది, పైగా 22 గ్రాములు తక్కువ. హైవే మీద హోటలుకు కొనేవాళ్లు వచ్చినప్పుడు మూడో అర పిట్టలను చేతిలో పట్టుకుని బరువు చూసి పక్కన పెట్టేశారు. పీచు ఎక్కువై బలం తగ్గితే పిట్ట ఆ లోటును ఇంకాస్త తిని పూడ్చుకోవాలని చూస్తుంది. దాని పొట్టలో అంత చోటు లేదు.

రెండో అర మిగిల్చింది పిట్టకు 55 పైసలు. అది కూడా మొదటి లోడు చున్నీ ధరతో వేసిన లెక్క. చెరిగిన చున్నీ 34 రూపాయల లెక్కన కడితే ఆ మిగులు దాదాపుగా కరిగిపోతుంది. మాంసం కోసం పెంచే పిట్టల్లో చున్నీ మీద పెద్ద ఆశ పెట్టుకోలేదు ఇంక. నూకలు మాత్రం ఎప్పుడు మొక్కజొన్న కంటే తగ్గితే అప్పుడు వేస్తాను.

డిసెంబర్ 9

రాత్రి పడుకుంటే తట్టింది. పెరిగే పిట్టకు 24 శాతం కావాలి కాబట్టి ఉప ఉత్పత్తులకు చోటు ఇరుకు. పెట్టే పిట్టకు 20 చాలు. పైగా రోజుకు పాతిక గ్రాములే తింటుంది, అలా నెలల తరబడి తింటుంది. మన నూకలూ చున్నీ పోవాల్సింది అక్కడికి కదా! రొమ్ము మీద మచ్చలున్నవి ఆడవి, ఎరుపు కలిసిన గోధుమ రంగు ఉన్నవి మగవి. 90 ఆడ పిట్టలను ఆపి, మిగతావి అమ్మేశాం. రెండు అరల్లో 45 చొప్పున. చలికాలం పగలు పొట్టి, గుడ్డుకు వెలుతురు కావాలి. ఎల్‌ఈడీ బల్బులతో రోజుకు 16 గంటలు వచ్చేలా టైమర్ పెట్టాను.

డిసెంబర్ 24

మొదటి గుడ్లు. మూడు. సన్నగా, మచ్చలు సరిగా లేకుండా. అయినా ఇంట్లో పండగలా ఉంది.

మామూలు దాణా: మొక్కజొన్న 55, సోయా 30, ఎండు చేప 4, కాల్సైటు (కాల్షియం కోసం వేసే రాతి పొడి) 7, డీసీపీ, ఖనిజాలు 4. మనది: మొక్కజొన్న 28, నూకలు 20, చెరిగి వేయించిన కంది చున్నీ 10, నూనె తీసిన తవుడు 5, సోయా 22, మిగతావి మామూలే. మాంసకృత్తులు ఒకటిలో 20, రెండో దానిలో 18.5 దగ్గర.

జనవరి 6

కొత్త చున్నీ లోడు. లోటాలో తేలింది 12 గ్రాములు. ఇంతవరకు వచ్చిన వాటిలో ఇదే మంచిది. చెరగాల్సిన అవసరం లేదు. పాతిక బస్తాలు ఉంటే అన్నీ దించుకునేవాణ్ణి, మూడే ఇచ్చారు.

జనవరి 15

బుచ్చి సెంటర్‌లో బండి మీద ఉడికించిన కౌజు గుడ్లు అమ్మే ఆమె సాయంత్రం ఫోన్ చేసింది.

“అనా, ఈ గుడ్లు పాతయ్యా ఏంది? లోపల పచ్చన తెల్లంగా ఉంది. జనం తినకుండా చూస్తా ఉండారు.”

గుండె జారింది. నిన్నటి గుడ్లే అవి. రెండు అరల గుడ్లూ విడివిడిగా ఉడకబెట్టి, దారంతో రెండుగా కోసి పళ్లెంలో పక్కపక్కన పెట్టాను. మామూలు దాణా గుడ్డులో సొన బంతిపూవు రెక్క రంగు. మనదానిలో వెన్న రంగు. పసుపు మొక్కజొన్నలో ఉండే రంగు పదార్థమే సొనకు రంగు ఇస్తుంది. నూకల్లో అది లేదు. నేను మొక్కజొన్నను సగం తీసేశాను. రుచి అదే, బలం అదే, కానీ ఆమె వ్యాపారం రంగు మీద నడుస్తుంది. ఆ రోజు గుడ్లకు డబ్బు తీసుకోలేదు.

పెరట్లో రెండు మునగ చెట్లున్నాయి. ఆకు దూసి, నీడలో మూడు రోజులు ఆరబెట్టి, పొడి చేసి, వందకు రెండు కిలోల లెక్కన కలిపాను. ఎండలో ఆరబెడితే ఆకు రంగు పోతుంది, దానితోపాటు మనకు కావాల్సిందీ పోతుంది. నీడలోనే ఆరాలి.

జనవరి 27

మునగాకు మొదలుపెట్టి తొమ్మిది రోజులు. మళ్లీ దారంతో కోశాం. మొక్కజొన్న గుడ్డంత కాకపోయినా, పసుపు స్పష్టంగా వచ్చింది. బండి ఆమెకు నాలుగు గుడ్లు పంపాను. “ఇప్పుడు బాగుండాయి” అంది. హాయిగా నిద్రపోయాను.

ఫిబ్రవరి 9

జనవరి 10 నుంచి ఫిబ్రవరి 8 దాకా 30 రోజుల లెక్క ముగించాను.

మామూలు అర: 45 పిట్టలు, 1,080 గుడ్లు, 33.4 కిలోల దాణా, కిలో 31.02 చొప్పున 1,036 రూపాయలు.

మన అర: 45 పిట్టలు, 1,074 గుడ్లు, 33.9 కిలోల దాణా, కిలో 28.36 చొప్పున 961 రూపాయలు.

75 రూపాయలు మిగిలాయి. తగ్గిన ఆరు గుడ్లను మూడు రూపాయల చొప్పున తీసేస్తే 57. వెయ్యి పిట్టలున్నవాళ్లకు నెలకు పన్నెండు వందల పైన. పెద్ద మొత్తమేమీ కాదు, కానీ మా షెడ్డు కరెంటు బిల్లు అందులో వెళ్లిపోతుంది. వేయించడానికి, ఆకు దూయడానికి పట్టిన మా సమయం ఇందులో కట్టలేదు. కూలికి మనిషిని పెడితే ఈ మిగులు ఉండదు, ఇంట్లోవాళ్లు చేసుకోగలిగితేనే. పెంకు మందం రెండు అరల్లోనూ ఒకేలా ఉంది, పగిలినవి రెండిట్లోనూ తక్కువే.

ఈ 18.5 శాతం మాంసకృత్తుల మీద పిట్టలు ఎండాకాలం కూడా నిలబడతాయా అన్నదే నా అసలు దిగులు. ఏప్రిల్, మే నెలల్లో వేడికి పిట్ట తినడమే తగ్గుతుంది. తక్కువ తినేదానికి పలచటి దాణా పెడితే గుడ్డు తగ్గక తప్పదు. అందుకే మార్చి 15 నుంచి సోయాను 22 నుంచి 26కు పెంచి, తవుడును పూర్తిగా తీసేయబోతున్నాను.

కొత్త పంట కోతలు త్వరలో మొదలవుతాయి, నూకలు ఇంకా చవకవుతాయని మిల్లువాళ్లు అంటున్నారు. పొద్దున రెండు బస్తాల కంది చున్నీ వచ్చింది. అమ్మ నాకంటే ముందే లోటాలో నీళ్లు పోసి కూర్చుంది. తేలింది 19 గ్రాములు. ఒక బస్తా ఉంచుకుని, ఒకటి వెనక్కి పంపాం.